చెరువు గట్టు మీద పోస్టుమార్టం

తాడేపల్లిగూడెంలో ఇందుజ తల్లికి ఒకటే దిగులు. కూతురు డాక్టరే, కానీ శవాల డాక్టరు. "పురుళ్ళు పోసే డాక్టరువైతే నలుగురిలో చెప్పుకోడానికి ఎంత బావుండేదే" అని ఆవిడ ఇప్పటికీ నిట్టూరుస్తుంది. ఇందుజ నవ్వేస్తుంది. బతికున్నవాళ్ళు డాక్టరుకి అబద్ధాలు చెబుతారమ్మా, నా దగ్గరికి వచ్చేవాళ్ళు చెప్పరు అంటుంది.

ఆ మాట ఊరికే అనదు. ఎక్కడ పనిచేసినా ముందు మార్చురీకి మంచి లైట్లు వేయించింది. కత్తి ఇంకొకరి చేతికిచ్చి తాము గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడే డాక్టర్ల అలవాటును మాన్పించింది. ఇక మూడోది పోలీసులకి మింగుడు పడలేదు. అనుమానం ఉంటే చావు జరిగిన చోటు తన కళ్ళతో చూసేదాకా కారణం రాయదు. మొదట్లో చాదస్తం అన్నారు. ఇప్పుడు చాలామంది ఎస్సైలు వాళ్ళే ఫోన్ చేసి "ఏమీ కదపలేదు మేడం, వస్తారా?" అంటున్నారు. పట్టు పట్టరాదు, పట్టి విడవరాదు మరి.

ఎస్సై నరసింహమూర్తి మటుకు కొత్తగా వచ్చాడు. కలిదిండి దగ్గర రొయ్యల చెరువులో పనిచేసే యాకోబు శవాన్ని ఇందుజ ఇప్పుడు పనిచేస్తున్న ఏలూరు మార్చురీకి తెచ్చాడు. తాగి చెరువులో పడి మునిగిపోయాడని యజమాని గోపీనాథ్ చెప్పాడట. యాకోబు భార్య ప్రసన్నకుమారి ఇందుజకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"మా ఆయన మందు ముట్టరండి. చర్చి సంఘంలో పెద్దండి. తాగి చచ్చాడని మీరు రాస్తే నా పిల్లల్ని బతికినన్నాళ్ళూ తాగుబోతు పిల్లలంటారండి."

"చూడకుండా ఏదీ రాయనమ్మా" అంది ఇందుజ అతనితో.

లోపల అంతా జాగ్రత్తగా చూసింది. కడుపులో మందు వాసన లేదు. ఊపిరితిత్తులు మునిగినవాడికి ఉండాల్సిన తీరులో లేవు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. నమూనాలు ల్యాబుకి పంపించి చేతులు కడుక్కుంది.

"మునిగిపోయాడని రాసేయండి మేడం" అన్నాడు ఎస్సై. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు కదండీ."

"దేవుడికి రిపోర్టు రాసే పని లేదండీ, నాకుంది. జీపు తియ్యండి."

ప్రసన్నకుమారిని కూడా జీపెక్కించుకుంది. దారిలో కరెంటాఫీసు దగ్గర లైన్‌మన్ జ్ఞానయ్యను ఎక్కించుకుంది. ఎందుకని ఎస్సై అడిగితే, నీళ్ళలో కరెంటు కొడితే చాలాసార్లు ఒంటి మీద మచ్చ పడదని చెప్పింది.

చెరువు దగ్గర పట్టుబడికి, అంటే ఎదిగిన రొయ్యల్ని వలేసి పట్టడానికి, కూలీలు వచ్చి ఉన్నారు. గాలి అందక రొయ్యలు చచ్చిపోతాయని నీళ్ళని చిలికే కరెంటు చక్రాలు, ఏరియేటర్లు, తిప్పుతూనే ఉన్నారు. అలాంటి ఒక చక్రానికి చుట్టుకున్న నాచు తీయడానికి దిగినప్పుడే యాకోబు పోయాడు. పట్టుబడి ఆగకూడదని యజమాని పిలిపించిన అతని తమ్ముడు ఏసుకుమార్ లుంగీ ఎగ్గట్టి అంచు నీళ్ళలో నిలబడి వల సర్దుతున్నాడు.

"ముందు అందరూ గట్టెక్కండి" అని ఇందుజ గట్టిగా అంది. అందరూ ఎక్కాక అడిగింది. "నీళ్ళలో కాళ్ళకి ఏమైనా తెలుస్తోందా?"

"చురుక్కుమంటన్నాయండి. సున్నం చల్లిన చెరువు కదండీ, ఆ మంట అనుకున్నాం" అన్నాడు ఏసుకుమార్.

"సున్నం ఎప్పుడు చల్లారు?"

ఏసుకుమార్ తడుముకున్నాడు. "పోయిన నెలండి."

సున్నం మంట నాలుగు రోజులు దాటి ఉండదని అక్కడ ప్రతివాడికీ తెలుసు. అయినా ఏ చెరువులో కాళ్ళు మండినా ముందు సున్నాన్నే తిట్టుకుంటారు, అంతే. కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

గట్టు మీదే నిలబడి ఉన్న యజమాని గోపీనాథ్‌కి ఒళ్ళు మండింది. "నా చెరువులో ఏముందండీ? కావాలంటే నేనే ఆ చక్రం దాకా వెళ్ళొస్తాను, చూడండి" అంటూ చెప్పులు విడిచి కిందికి కాలు పెట్టబోయాడు. ఇందుజ అతని జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అతను గట్టు మీద వెల్లకిలా పడ్డాడు.

జ్ఞానయ్య టెస్ట్ బల్బు తీగ ఒకటి నేలలో గుచ్చి, రెండోది పొడుగాటి వెదురుకి కట్టి చక్రం పక్క నీళ్ళలోకి దించాడు. పట్టపగలు బల్బు వెలిగింది. అతను పరుగున వెళ్ళి మెయిన్ ఆపేసి, కేబుల్ బయటికి లాగాడు. తీగ అతుక్కి టేపు బదులు చిరుగు ప్లాస్టిక్ సంచి చుట్టి ఉంది.

గోపీనాథ్ లేవలేదు. "దిగేవాణ్ణే కదండీ" అన్నాడు. తర్వాత లేచి ఇందుజకు చేతులు జోడించాడు. "క్షమించండి మేడం."

"నాకెందుకండీ? ఆవిడకి చెప్పండి."

అతను ప్రసన్నకుమారి వైపు తిరిగాడు. "మీ ఆయన తాగలేదమ్మా. మా తీగ చంపింది. తప్పు నా మీదికి వస్తుందని తాగాడన్న మాట నేనే పుట్టించాను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇక్కడ కాదండి. రేపు మట్టి చేసేటప్పుడు సమాధి దగ్గర చెప్పండి. ఊరంతా వస్తుంది."

గోపీనాథ్ దిక్కులు చూశాడు.

"నేనూ వస్తానండీ" అంది ఇందుజ.