టీసీ తీసుకోనివాడు

హైస్కూల్లో గంట కొట్టేది ఆయనే. ఇరవై ఆరేళ్ళలో అరనిమిషం అటూ ఇటూ అయింది లేదు. ఊళ్ళో వాళ్ళు గడియారాలు ఆ గంట వినే సరిచేసుకునేవారు. అందరికీ ఆయన గంట మాస్టారు.

ఆయన తోడల్లుడూ అక్కడే అటెండరు. స్కూలు గుమస్తా రిటైరైన రోజున వచ్చి, ఖాళీ కుర్చీ తుడుస్తూ అన్నాడు.

"దీనికి పదో తరగతి ఉండాలట అన్నయ్యా. నాకుందిగా. మీరెంతదాకా వచ్చారు?"

తెలిసే అడిగాడు. గంట మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

ఇదే స్కూల్లో పదిలో చేరిన నెలకే తండ్రి మంచాన పడితే ఆయన బడి మానేశాడు. టీసీ తీసుకోవాలని తట్టలేదు. టీసీ తీసుకోనివాడి పేరు కొట్టేయకూడదన్నది ఆ స్కూలు పద్ధతి. ఏటా పదో తరగతి రిజిస్టరులో ఆఖరి నంబరు ఆయనదే. టీచరు పిలిచేవాడు, ఖాళీ బెంచీలోంచి ఆయనదే పదిహేనేళ్ళనాటి గొంతు "ప్రెజెంట్ సార్" అనేది, టీచరు టిక్కు పెట్టి పాఠంలో పడేవాడు. ఓసారి అల్లరి చేసిందని ఆ గొంతును గుమ్మం బయట నిలబెట్టారు కూడా.

గంట మాస్టారు తిన్నగా హెడ్మిస్ట్రెస్ దగ్గరికెళ్ళాడు.

"ఆ హాజరు నాది మేడమ్."

ఆవిడ రిజిస్టర్లు తిరగేసింది. "ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు మానలేదు. పరీక్ష రాయండి. ఫలితాలొచ్చేదాకా కుర్చీ ఆపుతాను."

మర్నాడు వెళ్ళి పదో తరగతి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీద లెక్క ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇది కూడా రాదా?" అంది పక్కనున్న గొంతు.

అప్పుడు తోడల్లుడి మీద కుళ్ళు వెనక్కిపోయింది. ఇదెంత దర్జాగా కూర్చుందో!

"నేను ఎండలో గంట కొడుతుంటే నువ్వు నీడన కూర్చుని నేర్చుకున్నావన్నమాట."

"నిన్ను రావద్దన్నదెవరు? కిటికీలోంచి రోజూ చూసేవాడివి. ఒక్కనాడు గుమ్మం దాటావా?"

ఆయన బెంచీ చివరికి జరిగాడు. వారం పాటు దాంతో మాట్లాడలేదు. అది మాత్రం హాజరు పలుకుతూనే ఉంది.

ఎనిమిదో రోజు టీచరు ఆఖరి నంబరు పిలిచాడు. గొంతు పలకలేదు. టీచరు పెన్ను ఎత్తి ఆబ్సెంటు వేయబోయాడు.

గంట మాస్టారు లేచి నిలబడ్డాడు. "ప్రెజెంట్ సార్."

నోట్లోంచి పదిహేనేళ్ళ గొంతే వచ్చింది. దాంతోపాటు బోర్డు మీది లెక్కా వచ్చింది.

ఫలితాలొచ్చాక, జూన్‌లో తోడల్లుడు సెలవు చీటీ పట్టుకుని గుమస్తా కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఒక్క పూట సెలవు కావాలి."

గుమస్తా చీటీ రెండుసార్లు చదివి, ఒక తప్పు దిద్ది, తల ఎత్తకుండా కుర్రగొంతుతో అన్నాడు.

"ఆఫీసులో సార్ అనాలి."