బల్లల కింద బడి

మా బడికి డబ్బొచ్చిందన్న సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. డబ్బు వచ్చింది బల్లల పద్దు కింద. కారుతున్నదేమో కప్పు!

అది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. రేపల్లె దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. మండల పరిషత్ బడి, ఒకటే గది, పైన పగిలిన పెంకులు. నేను హెడ్మిస్ట్రెస్‌ని, సామ్రాజ్యం రెండో టీచరు. చినుకు పడితే పిల్లలు ఇళ్లకు పరుగు. హాజరు తగ్గితే రెండో పోస్టు తీసేస్తామని పైవాళ్లు అప్పటికే చెప్పారు. మంచాన పడ్డ తల్లిని పెట్టుకుని సామ్రాజ్యం ఎక్కడికని బదిలీ మీద పోతుంది? నాకు ఒళ్లు మండిపోయింది. తెనాలి వెళ్లి విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా బ్రహ్మయ్యను పట్టుకున్నాను.

"ఏంటండీ ఇది? నేలమీద కూర్చునే పిల్లలకి బల్లలెందుకు? ఆ డబ్బుతో పెంకులేయించుకుంటాను."

"అమ్మో, అంత పని చెయ్యకండి మేడం గారూ! బల్లల డబ్బు బల్లలకే. ఒక్క పెంకు కొన్నా ఆడిట్‌లో మీ జీతంలోంచి పట్టేస్తారు. మార్చి దాటితే ఇదీ వెనక్కి పోద్ది."

"మరి కప్పుకెప్పుడిస్తారు?"

"ఎవరైనా ఆఫీసరు చూసి, అవసరమని రాస్తే వస్తాయండి."

"అందరూ ఎండాకాలంలోనే వస్తారు కదండీ చూట్టానికి!"

బ్రహ్మయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ, తిరుగు రైల్లో ఒక ఉపాయం తట్టింది. బాపట్ల నుంచి వడ్రంగి లక్ష్మయ్యను పిలిపించాను.

"బల్లలు ఎత్తుగా, వెడల్పుగా చెయ్యి నాయనా. సందుల్లోంచి చుక్క దిగకూడదు."

"ఇంతెత్తయితే పిల్లలకి అందవమ్మా!"

"అందకపోతే నీకేంటి? చెప్పింది చెయ్యి."

జులైలో బల్లలు తనిఖీ చేయడానికి ఆడిటర్ నాగేశ్వరయ్య గారొచ్చారు. భారీ మనిషి. ఆయన వెనకే జోరున వాన. గుమ్మంలో నిలబడి బిత్తరపోయారు. గదిలో ఒక్కరూ కనబడరు, రెండో ఎక్కం మాత్రం మోగిపోతోంది.

"పిల్లలేరండీ?"

"కింద చూడండి సార్."

బల్లల కింద పలకలతో పిల్లలు, మధ్యలో నడుం వంచుకుని సామ్రాజ్యం.

"ప్రభుత్వం బల్లలిచ్చింది ఇందుకా? ఇది రాయాల్సిందే!" అన్నారాయన. ఉపాయం నాది, పోయే ఉద్యోగం సామ్రాజ్యానిది.

అంతలో పైనుంచి ధార సరిగ్గా ఆయన నెత్తిన పడింది.

"ముందు లోపలికి రండి సార్, తర్వాత రాద్దురు గాని," అన్నాను.

ఆపసోపాలు పడుతూ బల్ల కింద దూరారు. ఒకటో తరగతి లలిత ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "తాతా, ఇటు జరుగు. అక్కడ కారుద్ది."

ఆయన మొహం చిట్లించి, మరుక్షణం పకపకా నవ్వేశారు. అక్కడే, ఆ పిల్ల పలక ఆనించుకుని రాశారు: "వానలోనూ హాజరు పూర్తిగా ఉంది. బల్లలు బాగా వాడుతున్నారు. కప్పు వెంటనే వేయించాలి."

మరుసటి ఏడు కొత్త కప్పు పడింది. మొదటి వానకి పిల్లలంతా అలవాటుగా బల్లల కింద దూరారు.

"బయటికి రండర్రా, ఇప్పుడు కారట్లేదు!" అంది సామ్రాజ్యం. ఒక్కరూ కదల్లేదు. నా వంక చూసి, నవ్వు ఆపుకోలేక, తనూ దూరింది.

చేసేదేముంది! పొడి నేలమీద నిలబడి హాజరు పిలిచాను. కింద నుంచి "ప్రెజెంట్ మేడం!" అని కేకలు. అందరికంటే గట్టిగా అరిచింది సామ్రాజ్యం.