బొటనవేలి గుంట

వాగియెమ్ చిటికెడు పొగాకు తీసి చెక్కపీట గాడిలో పరిచింది. తెల్ల కాగితం అంచుకు గంజి రాసి ఆనించింది. పిడి మీద బొటనవేలు నొక్కి ముందుకు నెట్టింది. లవంగాల సిగరెట్టు అవతల పడింది. పక్కనున్న కస్మీరా దాన్ని అందుకుని, రెండు చివరలా పొడుచుకొచ్చిన పొగాకును కత్తెరతో తెగ్గొట్టింది.

టక్, కిచ్ కిచ్. టక్, కిచ్ కిచ్.

కుదుస్ ఊళ్ళోని ఆ షెడ్డులో అలాంటి జంటలు ఆరువందలు. మధ్యాహ్నం సైరన్ మోగేసరికి వాటిలో ఎన్ని మిగులుతాయో ఎవరికీ తెలియదు.

గోడమీద కాగితం అంటించి వారమైంది. ఇవాళ్టి కట్టల్లో వదులు సిగరెట్లు పది దాటితే చుట్టే మనిషి ఇంటికి. ఆమె పీట కత్తిరించే మనిషికి. చివరలు సరిగ్గా తెగకపోతే కత్తిరించే మనిషి ఇంటికి. అంతే. కింద సంతకం.

ఆ గోడకు అవతలే యంత్రాల షెడ్డు. మూడేళ్ళ కిందట వచ్చాయవి. అప్పటినుంచీ నేల సన్నగా అదురుతూనే ఉంది, గ్లాసుల్లో టీ వణుకుతూనే ఉంది. అక్కడ పనిచేసేది మగవాళ్ళే. వాగియెమ్ అల్లుడు హర్జో కూడా అక్కడే.

"అత్తా, మీరు పొద్దంతా చుట్టేది మా యంత్రం నేను టీ తాగొచ్చేలోపు ఊసేస్తుంది," అన్నాడతను ఒకసారి. గొప్పకు అనలేదు. తల దించుకుని, అన్నం కెలుకుతూ అన్నాడు.

వాగియెమ్‌కు యాభై ఒకటి. పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి, కుడి భుజం పైకి. ముప్పై నాలుగేళ్ళు ఒకే వైపు పిడి నెట్టిన ఒళ్ళు. వేళ్ళు పసుపురంగు తిరిగాయి. ఎంత తోమినా లవంగం వాసన పోదు. మొగుడు గుర్రబ్బండి తోలేవాడు. ఊళ్ళోకి వ్యాన్లు వచ్చాక గుర్రాన్ని అమ్మేశాడు, రెండేళ్ళకు తనూ పోయాడు. ఇంటిమీద పెంకులు వేసిందీ, కూతుర్ని పదో తరగతి దాకా చదివించిందీ ఈ బొటనవేలే.

ఎదుటి బల్ల నుంచి పైనెమ్ కేకేసింది. "ఏమే వాగియెమ్, యంత్రంతో పందెం కాశావా ఏంటి? వేలికి నూనె పోసుకున్నావా?"

"నూనె యంత్రానికి కావాలే. నాకు గ్లాసు టీ చాలు!"

బల్లలన్నీ నవ్వాయి. కస్మీరా మాత్రం నవ్వలేదు. తల వంచుకుని కత్తిరిస్తోంది.

నిజానికి రెండు నెలలుగా వేలి కణుపు వాచి ఉంది. రాత్రిళ్ళు అల్లం నూరి కట్టుకుంటోంది. పట్టు తప్పుతోందేమోనని భయపడింది కూడా. కానీ ఆ రెండు నెలల్లోనూ ఆమె కట్టల్లోంచి ఒక్క సిగరెట్టూ వెనక్కి రాలేదు. రోజూ కొన్ని సిగరెట్లు తక్కువ పడుతుంటే పొగాకు తరుగనుకుంది. నొప్పి వేరు, పని వేరు అని తేల్చుకుంది. ఆ ధైర్యంతోనే నలుగురిలో గొప్పలు పోతోంది.

పదకొండు గంటలకు మేస్త్రమ్మ సుప్రిహ బల్లల మధ్య నిలబడి చప్పట్లు కొట్టింది. "అందరూ వినండి! ఇవాళ గేటు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది. కొంగులు దులిపిస్తారు. కొప్పులు కూడా విప్పిస్తారు. తర్వాత నన్ను తిట్టుకోవద్దు!"

కత్తెర ఆగింది.

ఒక్క క్షణమే. మళ్ళీ కిచ్ కిచ్ మొదలైంది. కానీ పదిహేనేళ్ళుగా ఆ చప్పుడు పక్కనే కూర్చున్న వాగియెమ్‌కు ఆ క్షణం చాలు. తల తిప్పి చూసింది. పొద్దున నిమ్మకాయంత ఉన్న కస్మీరా కొప్పు ఇప్పుడు బత్తాయంత ఉంది. నల్లటి జుట్టు మడతలో తెల్లటి కాగితపు అంచు.

వాగియెమ్ వేలు పిడి మీదే ఆగింది.

వదులు సిగరెట్టును మొదట పసిగట్టేది కత్తిరించే మనిషే. పట్టుకోగానే వేళ్ళ కింద మెత్తగా తగులుతుంది. రెండు నెలలుగా ఒక్కటీ వెనక్కి రాకపోవడం తన వేలి గొప్పతనం కాదన్నమాట. గేటు దాటుతూ ఒక్క సిగరెట్టు దొరికినా దొంగతనమే. ఇక ఊళ్ళో ఏ కంపెనీ గడపా తొక్కనివ్వరు. కస్మీరాకు ఇద్దరు ఆడపిల్లలు. మొగుడికి వారంలో రెండు రోజులే పని. ఈ అమ్మాయిని పదిహేనేళ్ళ వయసులో చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది తనే. కత్తిరించే మనిషిని చుట్టే మనిషే తెచ్చుకోవాలి, ఆమెకు పూచీ పడాలి. ఈ షెడ్డు పద్ధతది.

ఆ మెత్తటివన్నీ కట్టలో ఉంచేసి ఉంటే చాలు, ఈ పీట రేపటికి కస్మీరాది అయ్యేది.

వాగియెమ్ పిడి వదిలేసింది. "ఇటు తిరగవే. ఎంత పేనో, నీ మెడమీద నడిచి పోతోంది!" అని గట్టిగా అంటూ కస్మీరా తలను ఒళ్ళోకి లాక్కుంది.

"అయ్యో, దాన్ని కూడా లెక్క రాయించు, దానికీ జీతమిస్తారు!" అంది పైనెమ్. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వుల కింద వాగియెమ్ వేళ్ళు కొప్పులోకి దూరాయి. ఒకటి. రెండు. ఆరు. పదకొండు.

"వద్దు పెద్దమ్మా," కస్మీరా గొణిగింది. "అక్కడే ఉండనీ. టీ తాగే వేళ దొడ్లో పారేస్తాను."

"ఇవాళ దొడ్డి గుమ్మం దగ్గర కూడా మనిషిని పెట్టారే, చూళ్ళేదూ? ఎన్నాళ్ళనుంచి ఈ పని?"

"నీ వేలు వాచిన దగ్గర్నుంచి."

"పిచ్చిదానా. నాకు చెప్పొద్దూ?"

"ఎలా చెప్పను? అందరికీ వేలు చూపించి మురిసిపోతుంటివి."

వాగియెమ్ ఆ కొప్పు మళ్ళీ బిగించి ముడేసింది, పెళ్ళికూతురికి వేసినట్టు నున్నగా. పదకొండు సిగరెట్లనూ చివరి కట్టలోకి సర్ది, వాటినే పైకి కనబడేలా పెట్టింది. వాటిని తీసేద్దామని కస్మీరా చెయ్యి చాపింది. వాగియెమ్ ఆ చేతిమీద ఒక్క దెబ్బ వేసింది, కొత్తగా వచ్చిన రోజుల్లో వేసినట్టే.

"మేస్త్రమ్మా! మా కట్టలు చూసుకోండి."

సుప్రిహ వచ్చింది. ఒకప్పుడు ఇదే బల్లమీద వాగియెమ్ పక్కన కూర్చుని చుట్టిన మనిషి. పై సిగరెట్టు తీసి రెండు వేళ్ళతో నొక్కింది. అది సొట్టపోయింది. రెండోదీ అంతే. పదకొండోది నొక్కాక చెయ్యి కట్టమీదే ఉండిపోయింది.

"ఇవి నీవి కావు, వాగీ. నీ చేతి చుట్టు నాకు తెలీదా?"

"నావే. వేలు చూడు."

సుప్రిహ చూసింది. కణుపు రేగుపండులా ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ వేలిని ఒకసారి నిమిరింది. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసింది.

"రేపట్నుంచి పీట కస్మీరాది," అంది కాగితం మీంచి తల ఎత్తకుండానే.

సైరన్ మోగింది. వాగియెమ్ పీట గాడిలో మిగిలిన పొగాకు పొడిని ఊదింది. గంజి గిన్నె కడిగి బోర్లించింది. టీ గ్లాసు కొంగున కట్టుకుంది.

"గంజి పల్చగా కలుపుకో. చిక్కగా ఉంటే కాగితం ముడతపడుతుంది," అంది.

కస్మీరా ఏడుస్తూనే తలూపింది.

గేటు దగ్గర కాపలామనిషి వాగియెమ్ ముడి విప్పింది. నెరిసిన జుట్టు నడుము దాకా జారింది. వెదికినామెకు లవంగాల వాసన తప్ప ఏమీ దొరకలేదు.

మర్నాడు తెల్లవారి కస్మీరా ఆ పీట ముందు కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళ ఒరిపిడికి పిడి మీద నున్నటి గుంట పడి ఉంది. కస్మీరా తన బొటనవేలు అందులో ఆనించింది. చుట్టూ ఇంకా చోటు మిగిలింది.