బొండాం బూట్లు

మార్చి పద్నాలుగు, గురువారం. ఆ పొద్దున ఉడికించిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె తిన్నాం. తిన్నాం అంటే నేనూ మావాడూ తిన్నాం. మా కోడలు రొట్టె ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. నా గుడ్డు పెంకు తీయబోయి చటుక్కున చేయి వెనక్కి లాక్కుంది.

"మీరే వొలుచుకోండి మామయ్యా. ఈరోజు నేనేం ముట్టుకోను."

"నామీద ప్రాక్టీసా?"

"మరి ఇంట్లో మూడేళ్లవాళ్లు ఇంకెవరున్నారు?"

"నాన్నకి నాలుగో ఏడు వచ్చిందిలే" అన్నాడు మావాడు తల దువ్వుకుంటూ.

మా ఇంటావిడ పోయాక నా పనులన్నీ కోడలి చేతుల్లోకి వెళ్లిపోయాయి, గుడ్డు పెంకు మొదలుకుని రాత్రి వీధి తలుపు గడియదాకా. ఆమె చేతులు ఊరుకోవు. ఒక పసిపిల్లల బడిలో ఏడేళ్లు ఆయాగా చేసిన చేతులవి. కిందటేడు ఊళ్లోని కాలేజీ పసిపిల్లల టీచర్ల కోర్సు పెట్టింది. ఇలాంటి బడుల్లో పనిచేసేవాళ్లకు ఫీజు మాఫీ చేసి, బస్సు ఖర్చులకూ డబ్బిస్తామంటే చేరింది.

చదువులో ముందే ఉంది. చిక్కంతా ప్రాక్టికల్లో వచ్చింది. పిల్లలు చేసుకోగలిగిన పని పిల్లలే చేసుకోవాలి, టీచరు ఓపిక పట్టి చూడాలి. మొదటిసారి కాలేజీ నుంచి లెక్చరరమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు ఈమె క్లాసు మొత్తానికీ గబగబా బూట్లు తొడిగేసి, శభాష్ అంటారని నిలబడిందట. ఫెయిల్ చేశారు. ఇవాళ ఆవిడ మళ్లీ వస్తోంది. ఈసారీ పోతే కాలేజీ సాయం ఆగిపోతుంది, రెండో ఏడు చదువు ఉండదు.

"ఆయా పని చిన్నదని కాదు మామయ్యా" అంది నా స్కూటరు ఎక్కుతూ. "ఇన్నేళ్లూ గుమ్మం దగ్గర నిలబడి ఎవరో చెప్పే కథలు విన్నాను. నేను చెప్పాలని ఉంది."

బడి వరండాలో కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. లోపల కోడలు చెప్పే కథ బాగానే సాగింది. పిల్లిలా గొంతు మార్చినప్పుడల్లా పిల్లలు విరగబడి నవ్వారు. తరవాత ఆటలకు వెళ్లే వేళయింది. అందరూ బూట్లు వేసుకుని పరిగెత్తారు. బొండాం అని పిలుచుకునే బొద్దుపిల్ల ఒక్కతే మిగిలింది. ఎడమ బూటు కుడికాలికి తగిలించుకుని, అలవాటుగా కాలు కోడలి ఒళ్లోకి చాపింది.

"పెట్టు, ఆయమ్మా."

కోడలు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. "నువ్వే చూడు, పట్టీ ఎటు పోవాలో."

"నాకు రాదు."

"రాకపోతే ఇద్దరం కూర్చుందాం. తొందరేముంది?"

వెనక కుర్చీలో రాసుకుంటున్న లెక్చరరమ్మ గోడ గడియారం వైపు చూసింది. నాకైతే లోపలికి వెళ్లి నేనే ఆ పట్టీ పెట్టేద్దామనిపించింది. బొండాం నాలుక బయటపెట్టి, పట్టీని లాగి, వదిలి, మళ్లీ లాగి, మొత్తానికి అతికించింది. రెండోదీ అంతే. లేచి బాతులా నాలుగడుగులు వేసి, "నేనే పెట్టుకున్నా" అంది.

రెండూ తారుమారు. కోడలి చేయి ఒకటి బయటికొచ్చి గాల్లోకి లేచింది. ఇంక అయిపోయిందనుకున్నాను. ఆ చేయి వెళ్లి తన జుట్టే సవరించుకుంది.

"అవునే, నువ్వే పెట్టుకున్నావ్."

బొండాం గుమ్మందాకా వెళ్లి మెట్టు మీద కూలబడింది. "ఇవి కరుస్తున్నాయ్" అని తనే విప్పుకుంది. కాసేపు బూట్లనూ కాళ్లనూ మార్చి మార్చి చూసుకుని, ఈసారి సరిగ్గా వేసుకుని పరిగెత్తింది.

లెక్చరరమ్మ కలానికి మూత పెట్టింది. "చేతులు నొప్పెట్టాయా అమ్మా?"

"తిమ్మిరెక్కాయి మేడమ్."

"అలవాటవుతుందిలే. వచ్చే ఏడు కథల క్లాసు నాదే. ఆ పిల్లి గొంతు నాకూ నేర్పాలి."

తిరిగి వచ్చేటప్పుడు కోడలు స్కూటరు మీద నా వెనక కూర్చుంది. ఇంటి మలుపు దగ్గర పిల్లిలా ఒకసారి మ్యావ్ అంది.

మా వీధి తలుపు ఉబ్బి ఉంటుంది. కాస్త పైకెత్తితేగానీ గడియ పడదు. ఆ రాత్రి కోడలు ఎప్పటిలాగే తలుపు దగ్గరికి వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, గోడకు ఆనుకుని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకు రాదమ్మా" అన్నాను.

"తొందరేముంది మామయ్యా?"

లోపల మావాడు నిద్రపోతున్నాడు. భుజం ఆనించి తలుపును కొద్దిగా ఎత్తాను. జారింది. ఇంకాస్త ఎత్తి, చప్పుడు కాకుండా గడియ పెట్టాను.