మొండిఘటం చెరపనివ్వని డిస్కు

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు కట్టిపెట్టండి. మొండిఘటం కథ చెబుతాను. మధ్యలో నోరెత్తిన వాళ్ళకి చివర చెప్పను.

ఆవిడది మిషన్ ఎంబ్రాయిడరీ పని. గుర్రుమని చూసిందంటే ఇస్త్రీపెట్టె కరెంటు లేకుండానే కాగిపోయేది. పెద్ద షాపులో పని మానేసిన రోజు ఓనరు, "ఎక్కడికి పోతావులే, ఏడ్చుకుంటూ నా దగ్గరికే వస్తావు" అన్నాడు. ఆ పంతంతోనే ఎదురుగా సొంత కొట్టు పెట్టింది. తను గీసిన లతలూ నెమళ్ళూ అన్నీ కంప్యూటర్లోనే. అందులో విండోస్‌కి బదులు లినక్స్ ఎక్కించి, డిస్కు మొత్తానికి పాస్‌వర్డుతో తాళం వేసింది వాళ్ళ అన్నయ్యే. ఇంకో కాపీ తీసుకోవే అని ఆయన పోరితే, "రేపు" అనేది.

ఒక పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర పాస్‌వర్డు అడిగింది. కొట్టింది. తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. ఆ కొట్టుడికి పక్క వీధి కుక్కలు మొరిగాయి.

అన్నయ్య పరుగున వచ్చి తనూ కొట్టి చూశాడు. లాభం లేదు.

"చెరిపేసి మళ్ళీ ఎక్కిద్దామే. బొమ్మలు మళ్ళీ గీసుకుందువులే."

"బొమ్మలు చెరిపావంటే నీ మీసం చెరిపేస్తా. అవి లేకపోతే కొట్టు మూసుకోవాలి. ఆ ఓనరు గుమ్మం తొక్కను గాక తొక్కను!"

"పాస్‌వర్డు తప్పంటోంది కదే తల్లీ!"

"ఆ డబ్బా తప్పంటే నేనొప్పుకోవాలా? వేరే దారిన వెళ్ళి అడుగు."

ప్యాంటు అంచు కుట్టించుకోడానికొచ్చిన తాతగారు స్టూలు మీద కూర్చుని నోరు తెరుచుకుని వింటున్నాడు.

అన్నయ్య గొణుక్కుంటూ పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్లోంచి వేరే లినక్స్ లేపి, అదే పాస్‌వర్డు కొట్టాడు. డిస్కు టక్కున తెరుచుకుంది! నెమళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"చూశావా? మరి ఇందాక నన్ను ఆపిందెవరు?"

"బూట్‌లోడరు. అన్నిటికంటే ముందు లేచేది అదే. గుమ్మం దగ్గర కాపలావాడనుకో."

"నిన్నటిదాకా రానిచ్చాడుగా! నిన్న నువ్వేం చేశావు?"

అన్నయ్య నాలిక కరుచుకున్నాడు. "పాస్‌వర్డు అలాగే ఉంచి, తాళాన్ని గట్టి రకంలోకి మార్చా. దొంగలు తీయలేరని..."

"దొంగల సంగతేమో గానీ, కాపలావాడికే తీయడం రాలేదు!"

"అవునే. వాడికి పాత రకమే తెలుసు."

"అయితే పాతదే పెట్టు. నా కొట్లోకి నేను పోవడానికి వాడి దయేమిటి?"

పెన్‌డ్రైవ్ నుంచే అన్నయ్య తాళాన్ని పాత రకానికి తిప్పి, కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేశాడు. ఆవిడ పాస్‌వర్డు కొట్టింది. డబ్బా కిక్కురుమనలేదు. తెర నిండా నెమళ్ళు పురి విప్పాయి.

ముందు కాపీ తీసింది. తర్వాత అన్నిట్లోకీ పెద్ద నెమలిని ఎర్ర గుడ్డ మీద కుట్టి, ఎదురు షాపు ఓనరు కళ్ళల్లో పడేలా గుమ్మానికి వేలాడదీసింది. "ఇప్పుడు రమ్మను, ఎవరు ఏడుస్తారో చూద్దాం!"

తాతగారు ప్యాంటు చంకన పెట్టుకుని లేచి, డబ్బా వైపు జాలిగా చూశాడు.

"అంతా బాగానే ఉందమ్మా. పొద్దుట్నుంచీ ఆ కాపలావాడు లోపలే ఉన్నాడు, పాపం. కాసిని మంచినీళ్ళయినా ఇవ్వండి."