ఫెర్మీన్ నవ్విన రోజు

రేడియోలో ఫెర్మీన్ నవ్వాడు. గ్రిసెల్దా గుండె జారిపోయింది.

కోడలుగా ఆ ఇంట అడుగుపెట్టిన ఇన్నేళ్లలో బావగారు పగలబడి నవ్వడం ఆమె ఎరగదు. ఆయన నోటి నుంచి మాట ఊడిపడటమే గగనం. ఇంజను లేని గ్లైడర్‌ని నడపడం ఆమెకు నేర్పింది ఆయనే. "ముక్కు దించు", "ఎడమకి", "ఊఁ" తప్ప వేరే మాటలు వాడకుండా నేర్పాడు.

ఆ వేకువన ఇద్దరూ చెరొక గ్లైడర్‌లో బయల్దేరారు. పసిఫిక్ మీంచి వచ్చే పడమటి గాలి ఆండీస్ కొండల్ని దాటి, ఇవతలి వైపు కెరటంలా పైకి లేస్తుంది. ఆ కెరటం దొరికితే రెక్క కదపకుండా రోజంతా ఎగరవచ్చు. దక్షిణాన పటగోనియా కొస దాకా వెళ్లి, చీకటి పడేలోగా తిరిగి రావాలన్నది ఫెర్మీన్ పంతం. ఏటా వసంతంలో ప్రయత్నించడం, సగం దారిలో గాలి మొహం చాటేయడం మామూలైపోయింది. ఈసారి మాత్రం గాలి మాట తప్పలేదు. కుడివైపు కొండల మీద పప్పుగింజల్లాంటి మేఘాలు వరసకట్టి కదలకుండా నిలబడ్డాయి. అద్దం మీద జారుతున్నంత నున్నగా ఉంది ప్రయాణం. కింద రోడ్డు మీద ఆమె భర్త నికనోర్ ట్రక్కు తోలుకుంటూ వస్తున్నాడు; ఎక్కడ దిగవలసి వచ్చినా గ్లైడర్లని మోసుకెళ్లేది అతనే.

"అమ్మాయ్, చూశావా?" అన్నాడు ఫెర్మీన్. "కొండలన్నీ గొర్రెల్లా పడుకున్నాయి! ఉన్ని కత్తిరిద్దామా?" మళ్లీ నవ్వు.

"బావగారూ, మీ ఆక్సిజన్ గొట్టం చూడండి."

"గొట్టం భేషుగ్గా ఉంది. అసలు నేనింత హాయిగా ఎప్పుడూ లేను."

"మీ గోళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసి చెప్పండి."

"నీలం. అందంగా ఉన్నాయి. పెళ్లికూతురి గోళ్లలా."

ఏడువేల మీటర్ల ఎత్తు. అక్కడ ఊపిరి చాలని మనిషికి ముందు వచ్చేది బాధ కాదు, సంతోషం. ఆ తర్వాత నిద్ర. ఆ పాఠం ఆమెకు చెప్పినవాడే ఇప్పుడు దాన్ని మరిచాడు.

ఆయన తెల్ల గ్లైడర్ ఆమెకు ముందు, కాస్త పైన ఉంది. ఎడమ రెక్క మెల్లగా వాలుతోంది.

"బ్రేకుల నీలం పిడి లాగండి బావగారూ. కిందికి దిగాలి."

"భయపడ్డావా? వెళ్లు, ఇంటికి వెళ్లి మాతే టీ కాచుకు తాగు. నేను కొస చూసే వస్తా."

ఆమె బతిమాలింది. అరిచింది. అటునుంచి ఏదో పాట కూనిరాగం వినిపించింది, అదీ ముద్దముద్దగా.

"నికనోర్, వింటున్నావా?"

"వింటున్నా."

"నా మాట ఆయన చెవికెక్కడం లేదు. నువ్వు చెప్పు. ఏం చెప్తావో తెలీదు, చెప్పు."

రేడియోలో ట్రక్కు ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత నికనోర్ పిలిచాడు, చిన్నప్పటి పిలుపుతో.

"మీనో! అన్నయ్యా! అమ్మ పిలుస్తోంది. సూప్ చల్లారిపోతోందట. ఆ నీలం పిడి లాగి రమ్మంటోంది."

వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ కన్నుమూసిన రోజున ఫెర్మీన్ ఇలాగే కొండల మీద ఉన్నాడు; కబురు అందలేదు.

"అమ్మా?" అన్నాడు ఫెర్మీన్. "కోపంగా ఉందా?"

"లేదు. రమ్మంటోందంతే."

రెక్కల మీద బ్రేకు పలకలు లేచి నిలబడటం గ్రిసెల్దా చూసింది. "ఎడమకి బావగారూ, ఎడమకి," అంది గట్టిగా. గ్లైడర్ తూర్పుకు తిరిగి, కెరటం కిందికి విరుచుకుపడే చోటికి చేరి, రాయిలా దిగసాగింది. ఆమె కూడా తన పిడి లాగింది. దక్షిణపు కొస ఆమె కుడిపక్క తేటగా, దగ్గరగా కనిపిస్తూనే ఉంది. దానివైపు ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకుంది.

కెరటం అడుగున సుడిగాలుల పొర ఉంటుంది. అది ఇద్దర్నీ చేటలో గింజల్లా చెరిగింది. ఆ కుదుపులకో, చిక్కబడ్డ గాలికో ఫెర్మీన్‌కి తెలివి వచ్చింది. "గ్రిసెల్దా, నేనెక్కడున్నాను?" అని అడిగాడు, తన మామూలు గొంతుతో. జవాబు చెప్పేలోపే నేల దగ్గరపడింది. ముళ్లపొదల మైదానంలో ఆయన గ్లైడర్ ఎగిరెగిరి పడి, తోక విరిగి ఆగింది. ఆమె కాస్త దూరంలో దిగి పరుగెత్తింది. మనిషి బతికే ఉన్నాడు. వెన్ను దెబ్బతింది.

ఆసుపత్రిలో ఆయన చాలా రోజులు మంచం మీదే ఉన్నాడు. ఒకనాడు తమ్ముణ్ణి దగ్గరకి పిలిచి, "అమ్మ పిలిచిందిరా," అన్నాడు. "చెవులారా విన్నాను. కోపం లేదంది."

నికనోర్ భార్య వంక చూశాడు. చెప్పాలో వద్దో తేల్చుకోవలసింది అతనే.

"అది నేనన్నయ్యా," అన్నాడు చివరికి. "నువ్వు దిగాలని నేనే అన్నాను."

ఫెర్మీన్ గోడవైపు తిరిగాడు. దుప్పటి కింద భుజాలు కదలడం గ్రిసెల్దా చూసి, భర్త చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

"చెప్పకుండా ఉండాల్సిందా?" అన్నాడతను.

"నాకు తెలీదు నికనోర్."

వేసవంతా అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర తిన్నారు, మాట మాత్రం లేదు. ఆకులు రాలే కాలంలో ఒక సాయంత్రం ఫెర్మీన్, "పోయేముందు అమ్మ ఏమందిరా?" అని అడిగాడు. నికనోర్ చెప్పడం మొదలుపెట్టాడు. గ్రిసెల్దా తలుపు దగ్గరకి లాగి, పెరట్లోకి వెళ్లిపోయింది.

డాక్టర్లు ఫెర్మీన్‌ని ఇక ఎగరవద్దన్నారు. మరుసటి వసంతంలో ఆమె ఒక్కతే బయల్దేరింది. కొస దాకా వెళ్లింది. తిరుగుదారిలో గాలి చచ్చిపోయి, ఒక గొర్రెల ఎస్టేట్లో దిగింది. పొద్దుగుంకే వేళకి ట్రక్కు వచ్చింది. నికనోర్ పక్కన చేతికర్రతో ఫెర్మీన్. ఎస్టేట్ వాళ్లు గొర్రెపిల్లని నిప్పుల దగ్గర కాలుస్తున్నారు.

"అక్కడ ఎలా ఉంది?" అన్నాడు ఫెర్మీన్, కూర్చోకుండానే.

"కొండలు సముద్రంలోకి దిగిపోతాయి బావగారూ. మంచు నీలంగా ఉంటుంది. మీరు చెప్పినచోటే గాలి రెండుగా చీలింది. ఎడమ పాయ పట్టుకున్నాను."

"ఊఁ," అన్నాడాయన. పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. "మొదట్నుంచీ చెప్పు."