వజ్రమ్మ వంత పాడిన రోజు

వేదిక సగం చెక్కబల్లలు, సగం కాలేజీ తరగతి గది; వెనకాల కట్టిన తెర ఉండుండి నల్లబల్లగా మారుతోంది, దాని మీద శేషారత్నం చేతిరాతతోనే 'మూర్తిమత్వ సిద్ధాంతం' అని రాసి ఉంది, ఎదురుగా కోతలైపోయిన చేలో బెంచీలు వేసుక్కూర్చున్న జనం ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తున్నారు. శేషారత్నం కుడిపక్కన నిలబడి ఉంది, పంతొమ్మిదేళ్ళప్పుడు పెద్దమ్మ వజ్రమ్మ బుర్రకథ దళంలో ఏ చోట నిలబడేదో సరిగ్గా ఆ చోటే. ఇప్పుడామెకి నలభై ఏడు, డిగ్రీ కాలేజీలో సైకాలజీ లెక్చరరు. అయినా కాళ్ళకి గజ్జెలున్నాయి, మెడలో వంతలు వాయించే డక్కీ ఉంది, చేతిలో హాజరుపట్టీ ఉంది, ఈ మూడూ ఒక్కచోటికి ఎలా చేరాయన్న అనుమానం మాత్రం ఆమెకి రావడం లేదు.

నోరు తెరుస్తుంది. గాలి తప్ప ఏమీ రాదు. మెలకువలోనూ పదకొండు రోజులుగా ఇదే వరస. మనసు అడుక్కి తొక్కేసిన కోరికలు చచ్చిపోవు అని క్లాసులో చెబుతూ, దమనం అన్న మాట దగ్గర ఠక్కున ఆగిపోయిన గొంతు మళ్ళీ పెగల్లేదు. డాక్టరు లైటు వేసి లోపలంతా చూసి, గొంతు బంగారంలా ఉందమ్మా అన్నాడు. బంగారంలా ఉన్న ఆ గొంతు పలకడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. ఇవాళ మూడింటికి విశ్వవిద్యాలయం బృందం ముందు ఆమె ఈ పాఠమే చెప్పాలి, తెలుగు మీడియంలో సైకాలజీ ఉంచాలా ఎత్తేయాలా అన్నది అది విన్నాకే తేలుస్తారట. ఆమె చెప్పలేకపోతే తర్కశాస్త్రం మార్కండేయులుగారు చెబుతారు. పాపం మంచివాడే, కానీ ఆయన పాఠంలో ఆయనకే ఆవలింతలొస్తాయి. ఇరవై ఏళ్ళు ప్రాణం పెట్టి పెంచుకున్న సబ్జెక్టు ఒక్క గంటలో గంగలో కలిసిపోతుంది.

"ఏంటే, జనాన్ని కూర్చోబెట్టి తమాషా చూస్తున్నావా?"

మొదటి బెంచీలో వజ్రమ్మ కూర్చుని ఉంది. పోయి ఇరవై ఎనిమిదేళ్ళయిన మనిషి, ఆకూవక్కా నములుతూ, ఎవరిదో నోటుబుక్కుతో విసురుకుంటూ, నిన్నగాక మొన్న ఊరెళ్ళి వచ్చినట్టుంది. శేషారత్నానికి భయం వేయదు, ఇంత ఆలస్యంగా వచ్చిందేమిటని కోపం వస్తుంది, విచిత్రంగా గొంతు కూడా వస్తుంది.

"గొంతు పోయింది పెద్దమ్మా."

"నాతో మాట్లాడుతున్నదేంటి మరి, మోచెయ్యా? సరేగానీ ఆ బల్ల మీద రాసిందేంటో చెప్పు. నేనూ చదువుకుంటా."

శేషారత్నం చెబుతుంది. మనిషి లోపల ముగ్గురుంటారు. మొదటిది ఇడ్, పుట్టుకతోనే వస్తుంది, నాకు కావాలి, ఇప్పుడే కావాలి అంటుంది, వేళాపాళా చూడదు.

"మన పున్నమ్మ!" అంటుంది వజ్రమ్మ తొడ చరిచి. పున్నమ్మ దళంలో ఎడమ వంత, హాస్యం చెప్పేది, కథలో రాజు చచ్చిపోతున్నా ఆకలేస్తోందనేది.

"రెండోది అధ్యహం. తల్లీతండ్రీ పెట్టిన చివాట్లన్నీ లోపల చేరి కాపురం పెడతాయి. తప్పు, సిగ్గులేదూ అంటుంటుంది."

"అది నువ్వు. కుడి వంతలో నిలబడి ఊరి పెద్దల్ని కూడా చివాట్లు పెట్టకుండా వదిలేదానివి కాదు గదా."

"మూడోది అహం. అటు దానికీ ఇటు దీనికీ సర్దిచెప్పి, బయట లోకంతో నెగ్గుకురావాలి."

"అంటే మధ్యలో తంబురా పట్టుకుని కథ నడిపేది. బాగుంది. మరి ఇప్పుడు మధ్యలో ఎవరున్నారే?"

శేషారత్నం పక్కకి చూస్తుంది. ఎవరూ లేరు. తంబురా ఒక్కటే స్టాఫ్‌రూం కుర్చీకి ఆనించి ఉంది. దాని అవతల ఎడమ వంత చోటు కూడా ఖాళీ, అక్కడ ఇనప బీరువా ఒకటి నిలబడి ఉంది, లోపలినుంచి ఎవరో డక్కీ వాయిస్తున్నారు, ఆ దరువుకి బీరువా తలుపు అదురుతోంది.

"పున్నమ్మని బీరువాలో ఎవరు పెట్టారు?" అంటుంది శేషారత్నం.

"తాళంచెవి ఎవరి కొంగున ఉందో వాళ్ళే."

కొంగు తడుముకుంటే తాళంచెవి తగులుతుంది. వేదిక కింద నేల మెల్లగా నీళ్ళవుతోంది, చేను లంకవుతోంది, బెంచీలు పడవలవుతున్నాయి, ఆమెకి ఇది ఏ ఊరో గుర్తొస్తుంది, గుర్తు రాకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది. కృష్ణ ఒడ్డున ఆ లంక ఊళ్ళో, యుద్ధం ఘట్టంలో, వజ్రమ్మ గొంతు జీరబోయి తెగిపోయింది. పున్నమ్మ అందరికంటే ముందు కనిపెట్టి ఏదో పిట్టకథతో జనాన్ని నవ్వించింది. ఆ నవ్వు చాలకపోయింది. అప్పుడు శేషారత్నం తన చోటు వదిలి ముందుకొచ్చి, పెద్దమ్మ భుజం మీది తంబురా తీసుకుని, తెగిన చోటునుంచి పదం ఎత్తుకుంది. ఈలలు, చప్పట్లు, ఊరు ఊరంతా ఊగిపోయింది. వజ్రమ్మ కుడిపక్కకి వెళ్ళి, డక్కీ తగిలించుకుని, చివరిదాకా వంత పాడింది. ఆ తర్వాత ఆమె వేదికెక్కలేదు, నాలుగు నెలల్లో పోయింది. ఆ రోజు సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. శేషారత్నం మరి పాడలేదు, చదువులో పడింది.

"నేను నిన్ను ఆదుకోవడానికి వచ్చాను పెద్దమ్మా. దళం పరువు పోతుందని."

బీరువాలో దరువు రెట్టింపవుతుంది.

"పున్నమ్మ ఒప్పుకోవట్లేదే," అంటుంది వజ్రమ్మ.

"నిన్ను అలా చూడలేక..."

దడదడమని బీరువా ఊగుతుంది, పడవల్లో జనం నవ్వుతారు. శేషారత్నానికి ఏడుపొస్తుంది, ఏడుస్తూనే తాళం తిప్పుతుంది, తిప్పుతూ అనేస్తుంది: "సంతోషమేసింది! నీ గొంతు తెగగానే నాకు సంతోషమేసింది. ఎప్పుడు తెగుతుందా అని రెండేళ్ళు చూశాను. ఆ చోటు నాకు కావాలి పెద్దమ్మా. అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి!"

తలుపు తెరుచుకుంటుంది. పున్నమ్మ చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "చచ్చానమ్మా ఉక్కకి, ఎవరన్నా ఓ చెంబుడు మజ్జిగ ఇవ్వండి," అంటూ తన ఎడమ చోటులో నిలబడుతుంది. ఆకాశం ఊడిపడలేదు. ఇన్నేళ్ళూ శేషారత్నం దేనికి భయపడిందో అది ఇంతే, ఒక చెంబుడు మజ్జిగ.

"నాకు తెలీదనుకున్నావా?" వజ్రమ్మ వేదిక మీదికి ఎక్కుతోంది, ఎక్కుతున్నకొద్దీ వయసు తగ్గుతోంది. "ఒళ్ళు మండిపోయింది ఆ రోజు. మూడు రోజులు అన్నం సయించలేదు. నీ పీక పిసకాలనిపించింది. అయినా ఎక్కడన్నా తాళం తప్పుతావేమోనని చెవులు రిక్కించి విన్నా, ఒక్క చోటా తప్పలేదు, దాంతో ఇంకా మండింది. ఇది నా పిల్ల అని మురిశా కూడా. అన్నీ ఒక్కసారే వచ్చాయే, ఏం చెప్పను నీకు?"

శేషారత్నంలోని లెక్చరరు ఇంకా పూర్తిగా పోలేదు. "ఇది నా కల పెద్దమ్మా. నేను వినాలనుకున్నదే నీ నోట పలికించుకుంటున్నానేమో."

"వినాలనుకున్నదైతే పొగిడి, దీవించి పోయేదాన్ని గదా. పీక పిసకాలనిపించిందంటుంటే అది నీ కోరికా? నీ చదువు తగలెయ్య!"

శేషారత్నం పకపకా నవ్వుతుంది. వజ్రమ్మ వచ్చి ఆమె మెడలోంచి డక్కీ తీసి తన మెడలో వేసుకుంటుంది, కుడిపక్కన కాలు తన్నిపెట్టి నిలబడుతుంది. "మంచీచెడూ నేను చూసుకుంటా, ఆకలీదప్పీ అది చూసుకుంటుంది. ఒక వంతని బీరువాలో పెట్టి కథ చెబుతానంటే గొంతెట్టా లేస్తుందే? ఇద్దరం ఉన్నాం. ఇక ఎత్తుకో."

ఇప్పుడెవరూ లాక్కోవడం లేదు, ఎవరూ వదులుకోవడం లేదు. శేషారత్నం నాలుగడుగులు వేసి మధ్యలోకి వస్తుంది, తంబురా భుజానికెత్తుకుంటుంది, ఇరవై ఎనిమిదేళ్ళుగా పాడని గొంతు ఒక్కసారిగా లేస్తుంది.

"మనసను కోటకు మూడంతస్తులు—"

"తందాన తాన!" అంటారు ఇద్దరూ.

"అడుగున ఒకతె ఆకలి అన్నది—"

"తందాన తాన!"

"మీదను ఒకతె మెటికలు విరిచెను, మధ్యన ఉన్నది మాటల నేర్పరి, ఇద్దరి చేతులు ఇటురమ్మన్నది—"

పడవలన్నీ ఊగుతున్నాయి, నల్లబల్ల తెరలా రెపరెపలాడుతోంది, వజ్రమ్మ డక్కీ ఆమె పాటని మోసుకుంటూ పోతోంది, పున్నమ్మ మజ్జిగ తాగుతూనే వంత పాడుతోంది, శేషారత్నానికి గర్వంతో ఛాతీ పగిలిపోయేలా ఉంది, ఆ గర్వానికి సిగ్గు వేయడం లేదు, చప్పట్లు నీళ్ళ మీద పడి మళ్ళీ లేస్తున్నాయి, లేస్తున్నాయి—

"మేడమ్! శేషారత్నం మేడమ్!"

స్టాఫ్‌రూం. గోడగడియారంలో రెండూ నలభై. భోజనం చేసి బల్ల మీద తల వాల్చిన శేషారత్నం భుజాన్ని చరిత్ర చెప్పే నసీమా పట్టుకుని కుదుపుతోంది. కిటికీలనిండా పిల్లల మొహాలు. గుమ్మంలో ప్రిన్సిపాల్ వీరభద్రంగారు, ఆయన వెనకాల తెల్లబట్టల్లో మార్కండేయులుగారు.

"నిద్రలో ఎంత గట్టిగా పాడారో తెలుసా? రెండు క్లాసులు లేచొచ్చేశాయి," అంటోంది నసీమా, ఏడవాలో నవ్వాలో తెలియక.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నారు. "మీ ఆరోగ్యం దృష్ట్యా, మేడమ్, ఆ పాఠం మార్కండేయులుగారికి..."

"వద్దు సార్," అంది శేషారత్నం. గొంతు ఖంగుమంది. లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఆ పాఠం నాది. నేనే చెబుతాను. నాకు కావాలి."

ఆ చివరి మాట లెక్చరర్లు ప్రిన్సిపాళ్ళతో అనే మాట కాదు. వీరభద్రంగారు తెల్లబోయి, తలూపి పక్కకి తప్పుకున్నారు. కిటికీల దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు.

మార్కండేయులుగారు గుమ్మానికి ఆనుకుని చాలా గంభీరంగా నిలబడి ఉన్నారు. ఆయన కుడిచేతి వేళ్ళు మాత్రం చంకలోని పుస్తకం అట్ట మీద తందాన తాన దరువు వేస్తూనే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకి తెలియదు.